తెలుగు తెరపై యువహింస, పేరుకాంక్ష: 'మా భూమి' నుంచి 'మేమ్ ఫేమస్' దాకా చూపరి చరిత్ర

వ్యాససంగ్రహం:
యువకుల హింసకూ, సామాజిక మాధ్యమాల ద్వారా వచ్చే కీర్తికీ మధ్య ఉన్న సంబంధాన్ని ప్రపంచ స్వతంత్ర సినిమా థ్రిల్లర్ రూపంలో విస్తృతంగా చర్చించింది. తెలుగులో ఈ రెండు అంశాలూ వేర్వేరు దారుల్లో నడిచాయి. హింస థ్రిల్లర్‌కూ, కీర్తి హాస్యచిత్రానికీ దక్కాయి. ఈ విభజన ఎలా ఏర్పడిందో 1980 నుంచి 2023 వరకు వచ్చిన కొన్ని చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హింసను చేసేవాడి కంటే దాన్ని చూసేవాడి స్థానం ఎలా మారిందన్నదే ఇందులో ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: స్వతంత్ర సినిమా, సమాంతర సినిమా, థ్రిల్లర్, యువహింస, సామాజిక మాధ్యమాలు, చూపరి, తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:

2016 సెప్టెంబరు 5న జియో సేవలు దేశమంతటా మొదలయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటివరకు వరంగల్ జిల్లాలో ఉన్న గూడూరు మండలం కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరింది. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయినా లంబాడీ తండాలు, కోయ గూడేలు, వ్యవసాయ గ్రామాలు కలిసి ఉన్న ఇలాంటి మండలంలో పెరుగుతున్న ఒక తరానికి అవి దాదాపు ఒకే కాలంలో అనుభవంలోకి వచ్చాయి. ఒకటి పరిపాలనను దగ్గరికి తెచ్చింది. మరొకటి ప్రపంచాన్ని అరచేతిలో పెట్టింది.

అంతకుముందు ఊరి యువకుడి పేరు ఊరు దాటాలంటే పాటో, ఉద్యమమో, రాజకీయ పార్టీయో, పోలీసు కేసో కావలసి వచ్చేది. చౌక డేటా వచ్చాక పదిహేను సెకన్ల వీడియో ఆ పని చేయగలిగింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినా ఈ అలవాటు ఆగలేదు. ఆ జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. కత్తులు చేతబట్టి వీడియోలు పెట్టిన యువకులపై కేసులు నమోదయ్యాయన్న వార్తలు తెలుగు పత్రికల పాఠకులకు ఇప్పుడు కొత్త కావు.

ఈ వార్తలు చదివినప్పుడు 'అంతా ఫోను వల్లే' అన్న తీర్పు సులభంగా వినిపిస్తుంది. సినిమా చరిత్ర ఆ తీర్పును అంత సులభంగా ఒప్పుకోనివ్వదు. హింసకు చూపరులు కావాలన్న సంగతి తెలుగు తెరకు ఫోను రాకముందే తెలుసు. ఫోను ఆ చూపరిని జేబులోకి తెచ్చింది. మన స్వతంత్ర చిత్రాలు ఈ మార్పును ఎంతవరకు పట్టుకున్నాయో చూడటమే ఇక్కడి ప్రయత్నం.

2. పరిధి, పరిభాష:

తారల మార్కెట్టుపై ఆధారపడకుండా, తక్కువ పెట్టుబడితో, దర్శకుడి చూపు ప్రధానంగా వచ్చిన చిత్రాన్ని ఈ వ్యాసంలో స్వతంత్ర చిత్రం అనడమైంది. 1970ల చివర మొదలైన సమాంతర సినిమాను దీనికి పూర్వరూపంగా తీసుకోవడమైంది. నేరం, అన్వేషణ, ప్రమాదం అనే మూడింటి చుట్టూ ఉత్కంఠను అల్లే కథారూపం థ్రిల్లర్. 'ప్రతిఘటన', 'శివ', 'విరాటపర్వం' ప్రధాన స్రవంతి చిత్రాలే. అయితే స్వతంత్ర చిత్రకారులు ఎదుర్కోవలసి వచ్చిన దృశ్యభాషను రూపొందించినవి, లేదా ఈ ప్రాంతపు అనుభవాన్ని తెరకెక్కించినవి కావడం వల్ల వాటిని కూడా పరిశీలనలో చేర్చడం అవసరమైంది.

3. పాట, పుస్తకం – సామూహిక హింసలో పేరు:

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరిగా వచ్చిన 'మా భూమి' 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. ఇందులో రామయ్య పేదరైతు కుటుంబంలో పుట్టిన యువకుడు. దొర పెత్తనాన్ని భరించలేక ఊరు విడుస్తాడు, కార్మికుల మధ్య చైతన్యం పొందుతాడు, సాయుధ పోరాటంలో చేరతాడు. ఇక్కడ యువకుడు ఆయుధం పడతాడు, కానీ ఆ ఆయుధం అతని వ్యక్తిగత గుర్తింపుకు పనిముట్టు కాదు. గద్దర్ తెరపై కనిపించి పాడే పాటలో కూడా ఒక వ్యక్తి కీర్తి ఉండదు, ఒక ఊరి కోపం ఉంటుంది. చూపరి ఇక్కడ బయటివాడు కాడు, పోరాటంలో భాగస్వామి. చూడటానికీ చేయడానికీ మధ్య దూరం చాలా తక్కువ.

నాలుగు దశాబ్దాల తరువాత, 2022 జూన్ 17న వేణు ఊడుగుల 'విరాటపర్వం' విడుదలైంది. ఓరుగల్లు ప్రాంతపు 1990ల వాతావరణం, ఆనాడు నిజంగా జరిగిన ఒక విషాదం దీనికి నేపథ్యం. వెన్నెల అనే యువతి అజ్ఞాతంలో ఉన్న దళనాయకుడి రచనలు చదివి, అతడిని చూడకుండానే ప్రేమించి, అడవిదారి పడుతుంది. రచయిత పేరు పుస్తకం రూపంలో ఆమె ఇంటికి చేరింది. అభిమానం అనుసరణగా మారింది. చివరకు తాను వెతుక్కుంటూ వెళ్లిన దళమే ఆమెను ఇన్ఫార్మర్‌గా అనుమానించి చంపుతుంది. దూరం నుంచి వచ్చిన ఒక మాట యువతరాన్ని ఎలా లాక్కుపోతుందో, ఆ లాగుడులో అనుమానం ఎంత ప్రాణాంతకమో ఈ చిత్రం చూపింది. 'మా భూమి'లో రామయ్యగా నటించిన సాయిచందే ఇందులో వెన్నెల తండ్రి. అప్పుడు తుపాకి పట్టిన యువకుడిగా కనిపించిన నటుడు, ఇప్పుడు బిడ్డను పోగొట్టుకునే తండ్రిగా కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. ఈ ప్రాంతపు రెండు తరాల చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి మాత్రం అది కేవలం పాత్రల ఎంపికగా మిగలదు.

సామాజిక మాధ్యమాలకు ముందే పేరుకు ప్రసారమార్గాలు ఉండేవని ఈ రెండు చిత్రాల వల్ల స్పష్టమవుతుంది. పాట, కరపత్రం, పుస్తకం ఆ మార్గాలు. అవి నెమ్మదిగా ప్రయాణించేవి. మధ్యలో మనుషులు ఉండేవారు.

4. నల్లబల్ల, కళాశాల ఆవరణ:

1985లో టి. కృష్ణ దర్శకత్వం వహించిన 'ప్రతిఘటన'ను సాధారణంగా రాజకీయ చిత్రంగానే చదువుతారు. దీన్ని చూపరి కోణం నుంచి చదివితే మరొక నిర్మాణం కనిపిస్తుంది. లెక్చరర్‌గా పనిచేస్తున్న యువతి పట్టపగలు జరిగిన హత్యకు సాక్షిగా నిలబడుతుంది. ఆ కక్షతో కాళి ఆమెను నడివీధిలో, అందరూ చూస్తుండగా అవమానిస్తాడు. తరువాత ఆమె తరగతి గదిలోకి వస్తే నల్లబల్లపై స్త్రీ శరీరాన్ని ఎగతాళి చేస్తూ గీసిన బొమ్మ ఉంటుంది.

ఈ బొమ్మ దగ్గర ఆగడం అవసరం. వీధిలో జరిగిన హింస అక్కడితో ముగియలేదు. అది బొమ్మగా మారి, చోటు మారి, మరొక గుంపు నవ్వుకు వస్తువైంది. గీసినవాడి పేరు లేదు, నవ్వినవారందరూ ఉన్నారు. ఈనాడు ఒక అవమానకరమైన వీడియో ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు వెళ్లే తీరుకూ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. నల్లబల్లను తుడిచేయవచ్చు, వీడియోను తుడవడం కష్టం, అంతే. చిత్రం చివర కాళిని ఆమె చంపేది కూడా బహిరంగ సభలో, జనం ఎదుటే. అవమానం జనం ముందు జరిగింది కనుక ప్రతీకారం కూడా జనం ముందే జరగాలన్న తర్కం ఇందులో ఉంది. గుంపు రెండుసార్లూ చూసింది. గుంపును మాత్రం ఎవరూ శిక్షించలేదు.

1989 అక్టోబరు 5న వచ్చిన రామ్‌గోపాల్ వర్మ 'శివ' ఈ గుంపును కళాశాల ఆవరణలోకి తెచ్చింది. సైకిలు చైను తెంపి ఎదురుతిరిగే ఘట్టం తెలుగు సినిమాలో దెబ్బను చూపే పద్ధతినే మార్చింది. స్టెడీక్యామ్ వినియోగం, సహజ శబ్దాలు, తక్కువ మాటలు ప్రేక్షకుడిని దెబ్బకు అతి సమీపంలో నిలబెట్టాయి. కథాపరంగా గమనించవలసింది మరొకటి ఉంది. శివ తొలి దెబ్బకు విద్యార్థులే చూపరులు. ఆ చూపే అతన్ని నాయకుణ్ణి చేసింది. తరువాత ఆ పేరు అతని కుటుంబంలోని పసిపిల్ల ప్రాణం తీసింది. పేరుకు చెల్లించిన మూల్యాన్ని చిత్రం దాచలేదు. జనస్మృతిలో నిలిచింది మాత్రం మూల్యం కాదు, చైను పట్టుకున్న చెయ్యి.

ఈ సందర్భంలో నిజజీవిత చరిత్రను కూడా స్మరించాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డి 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లో హత్యకు గురయ్యాడు. ఆయన పేరు నినాదాల్లో, గోడరాతల్లో, సహచరుల జ్ఞాపకాల్లో నిలిచింది. దాదాపు 47 ఏళ్ల తరువాత 2019 నవంబరులో జీవన్ రెడ్డి దర్శకత్వంలో 'జార్జ్ రెడ్డి' వచ్చింది. ఒక మరణాన్ని స్మృతిగా మార్చడానికి ఒక సమాజం ఇంతకాలం తీసుకుంది. నేడు అదే పని గంటల్లో జరుగుతోంది. ఈ వేగంలో స్మృతికీ సంచలనానికీ మధ్య తేడా చెరిగిపోతుండటమే ఆలోచించవలసిన విషయం.

5. అనామకతే ఆస్తి – 'అయితే':

చంద్రశేఖర్ యేలేటి తొలి చిత్రం 'అయితే' 2003లో విడుదలైంది. గుణ్ణం గంగరాజు నిర్మాత. తారలు లేకుండా తక్కువ ఖర్చుతో తీసిన ఈ థ్రిల్లర్ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. నలుగురు నిరుద్యోగ యువకులు ఒక మాఫియా నాయకుడి విమాన హైజాకింగ్ పన్నాగంలో పావులుగా మారి, ఆపై అతన్నే అపహరించి సొమ్ము రాబట్టాలని చూస్తారు.

ఈ నలుగురికీ ఉన్న ఏకైక బలం వారెవరో ఎవరికీ తెలియకపోవడం. నేరచరిత్ర లేని మామూలు కుర్రాళ్లు కాబట్టే ఆ పన్నాగానికి పనికివచ్చారు. తెలియనివారు కాబట్టే ఎదురుదెబ్బ తీయగలిగారు. కథ ఉత్కంఠ అంతా ముఖం దాచుకోవడంలో ఉంది. 2003లో నిరుద్యోగ యువకుడి కల డబ్బు, దానికి మార్గం అనామకత. ఇరవై ఏళ్ల తరువాత అదే యువకుడికి అనామకత శాపమైంది, ముఖం కనబడటమే సంపాదన మార్గమైంది. ఈ తలకిందుల మార్పు తెలుగు యువకుడి ఆర్థిక చరిత్రలో భాగం. దానికి 'అయితే' ఒక కొలరాయిగా నిలుస్తుంది.

6. ఊరి చేతికి కెమెరా:

2012లో జగిత్యాల ప్రాంతంలోని లంబాడిపల్లి నుంచి శ్రీకాంత్ శ్రీరామ్ ప్రారంభించిన 'మై విలేజ్ షో' తెలంగాణ పల్లెను, పల్లె మాటను యూట్యూబ్‌లోకి తీసుకువచ్చింది. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఆ ఛానెల్ ద్వారా ప్రసిద్ధురాలై 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో విడతలో పాల్గొంది. తెలంగాణ మాటను తెరపై ఎగతాళికి వాడుకున్న సుదీర్ఘ చరిత్ర నేపథ్యంలో ఇది చిన్న మార్పు కాదు. సామాజిక మాధ్యమ కీర్తిని కేవలం వ్యసనంగా చూసే విమర్శకులు ఈ పక్షాన్ని విస్మరించకూడదు. గూడూరు వంటి చోట పుట్టిన యువతకు ఫోను కెమెరా మొదట ఇచ్చింది వ్యసనాన్ని కాదు, తమ మాటను తామే వినిపించే అవకాశాన్ని.

2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' ఈ ఆశను సున్నితంగా పట్టుకుంది. ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరాతో ఊరివాళ్లు సినిమా తీయాలనుకుంటారు. కెమెరా తమది కాదన్న నైతిక ప్రశ్న కథకు వెన్నెముక. దృశ్యాన్ని తీసే హక్కు ఎవరిది, తీసిన పరికరం ఎవరిది అన్న ప్రశ్నను హాస్యంతోనే అయినా ఆ చిత్రం లేవనెత్తింది.

2023 మే 26న విడుదలైన సుమంత్ ప్రభాస్ 'మేమ్ ఫేమస్' మన అంశానికి మరింత దగ్గరగా వస్తుంది. తెలంగాణ పల్లెలో ఆకతాయిలుగా పేరుపడ్డ ముగ్గురు మిత్రులు టెంటుహౌస్ పెట్టి నష్టపోయి, చివరకు యూట్యూబ్ ఛానెల్‌తో పేరు తెచ్చుకుంటారు. ఊరి దృష్టిలో పనికిరానివారు ఊరికి గర్వకారణమవుతారు. 'శివ'లో పేరుకు దారి దెబ్బ, ఇక్కడ వీడియో. ఆకతాయితనాన్ని మాన్పించే మందుగా కీర్తిని చిత్రం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనలో నిజం లేకపోలేదు. కానీ అందరికీ ఆ మందు దొరకదు. వీడియో ఎవరూ చూడని ముగ్గురు మిత్రుల కథ ఏమవుతుంది? చూపుల సంఖ్య పెంచుకోవడానికి మరింత తీవ్రమైన దృశ్యం కావలసి వస్తే ఏం జరుగుతుంది? ఆ ప్రశ్న మొదలయ్యే చోట చిత్రం ముగిసిపోతుంది. థ్రిల్లర్ మొదలు కావలసింది అక్కడే.

7. గది లోపలి నేరం – 'ఫ్యామిలీ డ్రామా':

మెహర్ తేజ్ దర్శకత్వం వహించిన 'ఫ్యామిలీ డ్రామా' 2021 అక్టోబరు 29న సోనీలివ్‌లో విడుదలైంది. సుహాస్ ప్రధాన పాత్రధారి. లఘుచిత్రాల ద్వారా, యూట్యూబ్ ద్వారా గుర్తింపు పొందిన నటుడు 'కలర్ ఫోటో' వంటి ప్రేమకథ తరువాత ఒక హంతకుడి పాత్రను ఎంచుకోవడం స్వతంత్ర చిత్రానికి మాత్రమే సాధ్యమైన సాహసం. కొడుకుల నిరుద్యోగాన్ని నిత్యం దెప్పిపొడిచే తండ్రి, ఆ అవమానంలో పెరిగిన అన్నదమ్ములు, నగరంలో హత్యలు అన్నవి ఈ కథకు పునాదులు.

యువహింసకు మూలం వీధిలో కాక ఇంటి భోజనాల బల్ల దగ్గర ఉందని చెప్పడం ఈ చిత్రం ప్రత్యేకత. అయితే ఇక్కడి హంతకులకు చూపరులు అక్కరలేదు. వారి హింస రహస్యం. అది పేరు కోసం కాదు, పేరు లేకపోవడం వల్ల కలిగిన గాయం నుంచి పుట్టింది. 'మేమ్ ఫేమస్', 'ఫ్యామిలీ డ్రామా' రెండింటి ఆరంభబిందువు ఒకటే. ఇంట్లోనో ఊళ్లోనో 'పనికిరానివాడు' అన్న ముద్రతోనే రెండూ మొదలవుతాయి. ఒక చిత్రంలో అది యూట్యూబ్ ఛానెల్ అయింది, మరొకదానిలో కత్తి అయింది. ఈ రెండు దారులూ ఒకే యువకుడిలో కలిసే అవకాశాన్ని ఇక్కడ పరిశీలించిన తెలుగు చిత్రాలేవీ తీసుకోలేదు.

8. తులనాత్మక పరిశీలన:

ఆ కలయికను ఇతర దేశాల సినిమా చాలా ముందే ఊహించింది. ఆస్ట్రియా దర్శకుడు మైఖేల్ హనెకె 1992లో తీసిన 'బెన్నీస్ వీడియో'లో 14 ఏళ్ల బాలుడు వీడియో కెమెరా నడుస్తుండగా ఒక బాలికను చంపుతాడు, ఆ దృశ్యాన్ని తల్లిదండ్రులకు చూపిస్తాడు. వారు నేరాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటారు. ఇంటర్నెట్ సామాన్యుడికి అందని కాలంలోనే చూసినవాడి నేరం గురించి ఈ చిత్రం ప్రశ్నించింది. పోలండ్ దర్శకుడు యాన్ కొమాసా 'ది హేటర్' (2020)లో లా కళాశాల నుంచి బహిష్కృతుడైన యువకుడు ద్వేష ప్రచారాన్ని వృత్తిగా చేసుకుని, తెర వెనుక ఉంటూనే రక్తపాతానికి దారితీస్తాడు. అదే ఏడాది అమెరికాలో వచ్చిన 'స్ప్రీ'లో అద్దె కారు నడిపే యువకుడు చూపుల కోసం హత్యలను ప్రత్యక్షప్రసారం చేస్తాడు.

హిందీలో దిబాకర్ బెనర్జీ 'లవ్ సెక్స్ ఔర్ ధోఖా' (2010) హ్యాండీక్యామ్, దుకాణంలోని నిఘా కెమెరా, రహస్య కెమెరాల ద్వారా మూడు కథలు చెప్పింది. మొదటి కథలో సినిమా తీయాలని కలలుకనే యువకుడు, అతను ప్రేమించిన యువతి పరువుహత్యకు బలవుతారు. కెమెరా మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2024లో వచ్చిన దీని రెండో భాగం నేరుగా సామాజిక మాధ్యమ కీర్తినే వస్తువుగా తీసుకుంది.

ఈ చిత్రాలన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. సాధారణ థ్రిల్లర్ 'ఎవరు చేశారు' అని అడుగుతుంది. ఇవి 'ఎవరు చూశారు, చూసి ఏం చేశారు' అని అడుగుతాయి. సినిమా చూస్తున్న ప్రేక్షకుడు కూడా ఆ ప్రశ్న నుంచి తప్పించుకోలేడు. కళాత్మక థ్రిల్లర్‌ను సాధారణ థ్రిల్లర్ నుంచి వేరుచేసే గీత ఇదే.

9. తెలుగులో విభజనకు కారణాలు:

ఈ విభజనకు మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది పరిశ్రమకు సంబంధించినది. నేటి స్వతంత్ర చిత్రకారుల్లో, నటుల్లో పలువురు లఘుచిత్రాల నుంచి, యూట్యూబ్ నుంచి వచ్చినవారు. తమను నిలబెట్టిన మాధ్యమంపై వారికి కృతజ్ఞత సహజం. దాని చీకటిని వస్తువుగా తీసుకోవడానికి ఆ కృతజ్ఞత అడ్డుపడుతుంది.

రెండవది రూపానికి సంబంధించినది. 'శివ' తరువాత తెలుగు తెరపై దెబ్బ ఆరాధనీయమైంది. నెమ్మది కదలికల్లో సాగే పోరాట దృశ్యాలు ఫోనులో ముక్కలుగా కోసి పంచుకోవడానికి అనువైనవి. హింసను విమర్శించే చిత్రంలోని ముక్క కూడా కోతలో పడితే హింసను కీర్తించే రీల్‌గా మారుతుంది. సందర్భాన్ని నిలుపుకోలేని మాధ్యమంలో సందర్భమే ప్రాణమైన చిత్రం తీయడం దర్శకుడికి నిజంగా కష్టమైన పని.

మూడవది సామాజికమైనది. గ్రామీణ తెలంగాణ యువకుడు తెరపై అమాయకుడిగానో, ఉద్యమకారుడిగానో, తాగుబోతు మిత్రబృందంలో ఒకడిగానో కనిపిస్తాడు. తన పేరు కోసం తానే లెక్కలు వేసుకునే, తప్పు చేయగల, ఆ తప్పుకు బాధ్యుడు కాగల ఆధునిక వ్యక్తిగా అరుదుగా కనిపిస్తాడు. నైతిక సంక్లిష్టతను నగర పాత్రలకే పరిమితం చేయడం కూడా ఒక రకమైన చిన్నచూపే.

10. ముగింపు:

పాట విన్న చూపరి 'మా భూమి'లో పోరాటంలో కలిశాడు. పుస్తకం చదివిన చూపరి 'విరాటపర్వం'లో ప్రాణం పోగొట్టుకుంది. 'ప్రతిఘటన'లో చూపరి నవ్వాడు, 'శివ'లో వెంట నడిచాడు. 'అయితే' చూపరి నుంచి దాక్కుంది, 'మేమ్ ఫేమస్' చూపరిని ఆహ్వానించింది, 'ఫ్యామిలీ డ్రామా' తలుపు మూసింది. ఈ క్రమంలో మాధ్యమాలు మారాయి. చూపరిని నిలదీసే చిత్రానికి మాత్రం ఖాళీ మిగిలే ఉంది.

యువహింసకు ఫోనును ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం చారిత్రకంగా సరికాదని ఈ పరిశీలన తెలుపుతుంది. నల్లబల్లపై బొమ్మ చూసి నవ్విన తరగతికి ఫోను లేదు. అదే సమయంలో ఫోను వల్ల వచ్చిన మార్పును తక్కువ చేయడం కూడా సరికాదు. గుంపులో నిలబడి చూసేవాడికి తాను గుంపులో ఉన్నానన్న ఎరుక ఉండేది. పక్కవాడి ముఖం కనబడేది. ఎవరో ఒకరు 'ఆపండి' అనే అవకాశం ఉండేది. ఒంటరిగా తెర చూసేవాడికి ఆ అవకాశం లేదు. అతని చూపు ఒక అంకెగా మారి దెబ్బ వేసినవాడికి చేరుతుంది. మరుసటి దెబ్బకు అదే పెట్టుబడి.

కళాశాలల్లో సినిమా అధ్యయనం చేసే ఆచార్యులు, పరిశోధకులు ఈ చిత్రాలను దర్శకుల వారీగా, తారల వారీగా కాక చూపరి స్థానం ఆధారంగా బోధిస్తే విద్యార్థులు తమ చేతిలోని తెరను కూడా పాఠ్యంగా చదవగలుగుతారు. గూడూరులోనో, నర్సంపేటలోనో, మానుకోటలోనో ఫోను పట్టుకున్న యువతీయువకులు కేవలం ప్రేక్షకులు కారు, రేపటి స్వతంత్ర చిత్రకారులు కూడా వారిలోనే ఉన్నారు. రావలసిన ఆ థ్రిల్లర్ బహుశా వారే తీయవలసింది. చూడటం అంటే ఏమిటో, చూసినందుకు ఏం చెల్లించాలో ఈ తరంలో అందరికంటే దగ్గరగా తెలిసినవారు వారే.